అరగని లైనింగు

బ్రేకు లైనింగులకు రివిట్లు కొట్టడం కూర్చుని చేసే పని, దానికేం కష్టమని మా అత్త అంటుంది. నాలుగేండ్లుగా నడుము పట్టేసేదాకా కూర్చునే చేస్తున్నాను. నా భర్త భూమేశ్వర్ ఆర్మూర్ మార్కెట్ గంజ్‌లో పసుపు వ్యాపారం చేసే ఒక సేటు లారీ నడుపుతాడు, చెడితే తానే బాగుచేస్తాడు. అరిగిన లైనింగులను ఇంటికి తెచ్చి నా ముందు పెడతాడు. చక్రాన్ని పట్టి ఆపే ఇనుప షూల మీది పాత పట్టీలు ఊడదీసి, షూలను కిరోసిన్‌తో కడిగి, కొత్తవి పెట్టి రాగి రివిట్లు బిగించేది నేను. సేటు లెక్కలో మాత్రం అదంతా భూమేశ్వర్ పనే. నేనొకదాన్ని ఉన్నానని కూడా ఆయనకు తెలియదు.

పెండ్లికి ముందు బీడీలు చుట్టినదాన్ని, కట్టకట్టకూ దారం కట్టే అలవాటు చేతికి పోలేదు. ఏ షూ ఏ చక్రానిదో తేగానే అడిగి, వెనక కుడి చక్రం వాటికి ఎర్ర దారం, ఎడమ వాటికి తెల్ల దారం కట్టేదాన్ని. రెండు పక్కలా జతగా మార్చాలి కాబట్టి అన్నీ తెచ్చేవాడు. పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో, పసుపు జోరుగా దిగుతున్నప్పుడు, నా కంటికొకటి ఆనింది. ఎర్ర దారానివి ప్రతిసారీ రివిట్ల దాకా అరిగిపోయి వస్తున్నాయి. తెల్ల దారానివి మాత్రం నేను కొట్టిన నాడు ఎట్లున్నాయో అట్లే ఉన్నాయి.

చెబితే భూమేశ్వర్ నవ్వాడు. రోడ్డు అటే వాలి ఉందన్నాడు, బస్తాల బరువు అటే పడుతుందన్నాడు, నన్ను రివిట్లు చూసుకోమన్నాడు. మొగోళ్ల పనిలో ఆడది నోరు పెడితే ఇల్లు నిలవదని అత్త మూడు రోజులు సణిగింది. నేను ఊరుకున్నాను. నాకు అక్షరం నేర్పనివాళ్లు ఊరుకోవడం మాత్రం బాగా నేర్పారు.

ఆ శనివారం నాగ్‌పూర్ లోడు. నిర్మల్ దాటి కొండల్లో ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి. పొద్దున జొన్న గట్క తాగుతూ, బ్రేకు తొక్కితే బండి కుడికి గుంజుతోందని మామూలు సంగతిలా చెప్పాడు. నా చేతిలో సుత్తె ఆగింది. బస్తాల లారీ, ఆ మలుపులు, ఆ లోయ కండ్ల ముందు తిరిగాయి. ఎండలో నల్లబడ్డ అతని మెడను చూస్తూ సుత్తె పక్కన పెట్టాను.

"అరిగినదాన్నే చూస్తున్నవ్. అరగంది పనే జేస్తలేదు. రెండింటి పని గదొక్కటే జేస్తుంది."

"ఏమంటున్నవే?"

"ఎడమ చక్రం ఇప్పి, బ్రేకు తొక్కిచ్చి చూడు. గప్పటిదాంక నేను రివిట్లు కొట్ట."

"లోడు ఆగితే సేటు నన్ను బతకనిస్తడా?"

"ఘాట్‌ల నీకేమన్నయితే నేను బతుకుతనా?"

గిన్నె కింద పెట్టి లేచాడు. షూలు గంపలో పెట్టుకుని వెనకే నేనూ లారీ నిలిపే షెడ్డుకు పోయాను.

ఎడమ డ్రమ్ము విప్పాడు. క్లీనరు పెడల్ తొక్కితే షూను నెట్టాల్సిన పిస్టన్ కదలనే లేదు, సిలిండరులో తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తుప్పు ఎందుకు పట్టిందో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. హమాలీలు బస్తాలు మోసుకుని తేలికగా ఎక్కాలని, గంజ్‌లో రోజూ లారీ ఎడమ చక్రాన్ని మోరీలోకి దింపి ఒరిగిస్తారు. ఎన్నేండ్లుగానో ఆ చక్రం మురికినీళ్లలో నానుతోంది.

అతను సిలిండరును గరుకు కాగితంతో రుద్ది కొత్త రబ్బరు వేశాడు. నేను అక్కడే కూర్చుని రివిట్లు కొట్టాను. మట్టిలో లారీ నడిపి బ్రేకు తొక్కితే రెండు చక్రాల గీతలూ ఒకే పొడుగు పడ్డాయి.

సేటు వచ్చి చూసి, భూమేశ్వర్ చేతిలో దేవుడున్నాడని మెచ్చుకున్నాడు. భూమేశ్వర్ నవ్వుతూ నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే రాత్రంతా నా కాళ్లు పిసికిన మనిషి. అయినా కనిపెట్టింది నా భార్య అన్న ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు.

అతను లారీ ఎక్కాక తలుపు దగ్గరికి పోయాను.

"పైలంగ పోయి రా. సేటుకు నా పేరు చెప్పి పో. చెప్పకుంటే ఇగ నీ రివిట్లు నువ్వే కొట్టుకో."

ఇంజను ఆగింది. భూమేశ్వర్ దిగి సేటు దగ్గరికి నడిచాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు. సేటు మాత్రం తిరిగి నా వైపు చూశాడు.

నేను తల వంచలేదు.