జిగురు మేస్త్రి కాళ్ళు

పొద్దున లేవగానే దేవుడికి దండం పెట్టుకోవడం, ఆ వెంటనే స్టవ్ మీద చక్రాలు ఉడకబెట్టడం. మేస్త్రమ్మ ఇంట్లో రోజు ఇలాగే మొదలయ్యేది. చక్రాలంటే మరీ పెద్దవి కావు లెండి, అరచేతిలో ఇమిడేవి. రిమోటుతో నడిచే చిన్న రేసు కార్లవి. వాటి రబ్బరు టైర్లను చక్రాలకు జిగురుతో అంటిస్తారు. అరిగాక ఊడదీయాలంటే అడుగు మాడిన పాత గిన్నెలో ఇరవై నిమిషాలు ఉడకనివ్వాలి. ఆ పైన గుడ్డతో పట్టుకుని, చెంచా కాడ అంచు కిందికి దూర్చి, చుట్టూ మెల్లగా తిప్పుకుంటూ రావాలి. తొందరపడితే చక్రం విరుగుతుంది. ఓపిక పడితే, దేవుడి దయ వల్ల, టైరు పాము కుబుసంలా ఊడొస్తుంది.

అవి అంత మొండిగా అతుక్కోవడానికి కారణం ఆవిడ భర్తే. జిగురు మేస్త్రి అంటే కార్ల పిచ్చివాళ్ళందరికీ తెలుసు. ఆయన అంటించిన టైరు, కారు ముక్కలైనా ఊడేది కాదు. "మేస్త్రి గారి జిగురూ, మా ఆవిడ అలకా ఒక్కటే, పట్టాయంటే వదలవు" అనేవాడు పోస్టుమాన్.

అలాంటి మనిషికి కాళ్ళు నేల మీద నిలవడం మానేశాయి.

మొదట వంటింట్లో నిలబడి నీళ్ళు తాగుతూ జానెడు జారాడు. గ్లాసులో నీళ్ళు తొణకనైనా తొణకలేదు. తర్వాతి వారం మూరెడు. ఆ పై నెల బారెడు. కూర్చుంటే ఏమీ లేదు. నిలబడ్డాడా, గేటు వైపుకి, వీధి వాలు వైపుకి, మంచు మీద పెట్టెలా కదిలిపోయేవాడు. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. "ఈవేళ కాస్త ఎక్కువ జారినట్టున్నారే" అని పాలాయన పాలు పోసి వెళ్ళేవాడు. డాక్టరు చీటీ మీద 'జారుడు' అని రాసి, "దీనికి మందు లేదమ్మా, ఉన్నన్నాళ్ళూ బాగా చూసుకోండి" అన్నాడు.

రెండేళ్ళ కింద పై వీధి దర్జీకి ఇదే వచ్చింది. ఒక మధ్యాహ్నం, కొలతల టేపు మెడలో ఉండగానే, వాలున జారి, కింద లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన్ని చూసినవాళ్ళు లేరు. వాళ్ళింటి గేటుకి ఆ రోజు తాళం కూడా వేసే ఉంది.

ఒక మంగళవారం మేస్త్రి గేటు దాకా జారాడు. ఊచలు పట్టుకుని వేలాడుతూ, "ఏమోయ్, కాస్త ఇటు రా" అన్నాడు, పేపరు అందించమన్నంత మామూలుగా. ఆవిడ వెళ్ళేసరికి రెండు కాళ్ళూ గేటు కింది సందులోంచి వీధిలోకి పోయి ఉన్నాయి. చంకల కింద చేతులు వేసి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకొక్కసారి జారితే ఈ మనిషి తనకి దక్కడని ఆవిడకి తెలిసిపోయింది.

మధ్యాహ్నం ఆయన కుర్చీలోనే కునుకు తీశాడు. అప్పుడు ఆవిడకి తట్టిన ఉపాయం ఆ ఇంట్లోవాళ్ళకి తప్ప లోకంలో ఇంకెవరికీ తట్టదు. నేలని కరిచిపట్టే మెత్తటి రేసు రబ్బరుని పాదాల కొలతకి కత్తిరించి ఆయన చెప్పుల అడుగున అంటించింది. అక్కడితో ఆగినా బాగుండేది. చెప్పులు నిలిచి మనిషి జారితేనో అన్న భయంతో, చెప్పుల పైన కూడా ఓ చుట్టు జిగురు పోసి, పాదాలకి తొడిగి, రెండు నిమిషాలు అదిమి పట్టుకుంది. రెండు నిమిషాలన్నది ఆయన నేర్పిన లెక్కే.

"లేవండి" అంది.

లేచాడు. నిలబడ్డాడు. కిందికి చూసుకుని, "నిలిచానోయ్" అన్నాడు.

ఎన్నాళ్ళకి విన్న మాటో అది. ఆవిడ కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పుకోబోయింది. ఇంతలో దబ్బున చప్పుడైంది. పాదాలు ఆగాయి గానీ మనిషి ఆగలేదు. జారాల్సిన ఒళ్ళు జారింది, మణికట్టు నేలకి కొట్టుకుంది.

"పట్టు ఎక్కువైతే కారు మలుపులో బోల్తా కొడుతుందని నీకు ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు నేల మీదనుంచే.

"నా బుద్ధి కాల్చ."

"నీ బుద్ధికేం, జిగురు మాత్రం అమోఘంగా పెట్టావు."

అప్పుడే పోస్టుమాన్ వచ్చాడు, చంకలో తన రేసు కారుతో. "పడుకున్నారా మేస్త్రి గారూ?"

"పడ్డాను. ఏం పని?"

"చూపు తగ్గింది. ఇంత వేగం నా కళ్ళకి అందట్లేదు. దీన్ని డ్రిఫ్ట్ కారు చేసిపెట్టండి, పక్కకి జారుకుంటూ నిదానంగా తిరుగుతుంది. ఇబ్బందల్లా ఒకటే. నాలుగు టైర్లూ మీరు అంటించినవే."

"అయితే నీ ఖర్మ" అన్నాడు మేస్త్రి. చొక్కా లోపల నవ్వు కదిలింది గానీ చెయ్యి నొప్పికి బయటికి రాలేదు.

పోస్టుమాన్ ఆయన మణికట్టుకి గుడ్డ చుట్టి కుర్చీ ఎక్కించాడు. మేస్త్రమ్మ స్టవ్ మీద గిన్నెలో అతని కారు చక్రాలు వేసింది. కుర్చీ ముందు బేసిన్‌లో గోరువెచ్చటి సబ్బునీళ్ళు పోసి మొగుడి పాదాలు పెట్టింది. ఒకే చెంచా కాడ అటూ ఇటూ తిరిగింది. చక్రాలు ముందు ఊడాయి. పాదాలకి గంటన్నర పట్టింది. ఎడమ మడమ దగ్గర చర్మం కూడా చెప్పుతో పాటే వచ్చేసింది. ఆయన పాదం కదపలేదు. ఆవిడ ఏడవలేదు. ఇద్దరూ పనివాళ్ళు.

ఆ తర్వాత ఆయన చెబుతుంటే ఆవిడే కారు తయారుచేసింది. నీళ్ళ పైపుని ఉంగరాల్లా కోసి, అంచులు నున్నగా రుద్ది, టైర్ల బదులు తొడిగింది.

"జిగురు?"

"డ్రిఫ్ట్ కారుకి జిగురు అక్కర్లేదు. బ్యాటరీ వెనక్కి జరుపు, బరువు వెనక ఉండాలి. ముందు చక్రాలు బాగా తిరిగేట్టు వాటికి తగిలే అడ్డాలు ఆకురాయితో అరగదియ్యి. ఇప్పుడు విను. కారు ఎటు జారుతోందో ముందు చక్రాలు అటే తిప్పాలి. జారుడుతో పోట్లాడకూడదు, బ్రేకు మాటే ఎత్తకూడదు."

"మరి ఆగేదెలా?"

"ఆగదు. తిరుగుతుంది."

ఇంటి పక్క పెరట్లో, గేటు దాకా పరుచుకున్న సిమెంటు గచ్చు మీద పోస్టుమాన్ దాన్ని వదిలాడు. కారు గేటు వైపు జారబోయి, ముక్కు అటే తిప్పుకుని, ఒళ్ళంతా పక్కకి వేసుకుని గుండ్రంగా తిరిగింది. మళ్ళీ తిరిగింది. మేస్త్రమ్మ దాన్ని చూడటం మానేసి ఆయన్ని చూసింది.

"నాకూ తోచింది" అన్నాడాయన. "కానీ తప్పితే నేరుగా పెద్ద రోడ్డే."

"కూర్చోబెట్టి ఎన్నాళ్ళు ఆపను? నిన్నటి నుంచి కుర్చీ కూడా కదులుతోంది. మీకు చెప్పలేదు."

ఆయన గేటు వైపు చూశాడు. "అయితే నున్నటి చెప్పులు తే" అన్నాడు.

ఆవిడ పనిముట్ల సంచి బరువుగా నింపి ఆయన నడుముకి వెనకవైపు కట్టింది. పోస్టుమాన్ ఆయన్ని గచ్చు మధ్యలో నిలబెట్టి చెయ్యి వదిలాడు. మేస్త్రి జారాడు. గేటు దగ్గర పడుతుంటే ఆవిడ చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. వెనక్కి కట్టుకుని, గోళ్ళు గుచ్చుకునేలా పట్టుకుంది.

"ఎడమ పాదం ఇంకొంచెం తిప్పండి" అన్నాడు పోస్టుమాన్, రిమోటు పట్టుకున్నంత నిదానంగా.

మేస్త్రి రెండు పాదాలూ జారుడు వైపుకే తిప్పాడు. నడుం పక్కకి వాలింది. గేటు ఆయన భుజం పక్కనుంచి దాటిపోయింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు.

ఆ రోజు నుంచి ఆయన ఆగలేదు. తిరుగుతూనే తింటాడు, తిరుగుతూనే కునుకు తీస్తాడు. మేస్త్రమ్మ గచ్చు మధ్యలో స్టూలు వేసుకుని చక్రాలు ఊడదీస్తూ ఉంటుంది. మాట ఒక చుట్టులో అడిగితే జవాబు మరో చుట్టులో వస్తుంది. ఈ చుట్టులో పాలగ్లాసు అందిస్తే వచ్చే చుట్టులో ఖాళీ గ్లాసు చేతికొస్తుంది. పాలాయన ఆయనకి దారిచ్చి, పాలు పోసి వెళతాడు.

కానీ చుట్టు రోజుకి ఒక వేలెడు పెరుగుతోంది. ఆవిడ మొదట పూల కుండీలు తీసేసింది, తర్వాత బట్టల తాడు. ఇప్పుడు ఆయన మోచెయ్యి గోడకి రాసుకుంటోంది. గోడ అవతల ఖాళీ స్థలం, దాని అవతల పక్క వీధి, ఆ పైన ఆవిడ ఎప్పుడూ వెళ్ళని వీధులు. చుట్టు పెరిగేకొద్దీ ఆయన తిరిగి రావడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. ఒకనాటికి పూటకోసారి కనిపిస్తాడు. తర్వాత వారానికోసారి. ఆ తర్వాతిది దేవుడికి వదిలేసింది.

ఇవాళ పొద్దున దండం పెట్టుకుని, స్టవ్ వెలిగించకుండా, సుత్తి తీసుకుని పెరట్లోకి వచ్చింది. ఆయన దాటిపోయేదాకా ఆగి, గోడ మీద ఒక్క దెబ్బ వేసింది. మొదటి ఇటుక అవతల పడింది.

"దుమ్ము లేపకోయ్" అన్నాడాయన వచ్చే చుట్టులో.

"కళ్ళు మూసుకోండి" అంది ఆవిడ, రెండో ఇటుక మీద సుత్తి ఆనించి, ఆయన దాటేదాకా ఆగి.