నల్ల సిలువ కాగితం

అత్తగారు చెబుతోంది, నేను రాస్తున్నాను. పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయించే శనివారం దగ్గర పడింది. చర్చిలో ఇవ్వాల్సిన చీటీలు రాయాలి. ఎర్ర సిలువ అచ్చువేసిన కాగితం బతికున్నవాళ్లకి, నల్ల సిలువది పోయినవాళ్లకి. ఫాదర్ గవ్రిల్ ఆ పేర్లు పైకి చదివి ప్రార్థిస్తాడు. ఇన్నేళ్లూ రాసింది అత్తగారే. నిరుడు ఆమె కళ్లకు పొర కమ్మింది. అరవై ఒకటో ఏట అక్షరాలు దిద్దుకున్న నామీద ఆ పని పడింది. పొయ్యి మీద పోయినవాళ్ల పేరున చర్చిలో పంచే గోధుమలు ఉడుకుతున్నాయి. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కలం.

"ఇలీ రాశావా? మా నాన్న."

"రాశాను అత్తా."

"మరియూత్స? పాలు తాగే వయసులోనే పోయింది, నా చెల్లెలు."

"రాశాను."

"తోదేర్."

చెయ్యి ఆగిపోయింది. తోదేర్ ఆమె కొడుకు, నా భర్త.

"ఏమే సఫ్తా, కలంలో సిరా అయిపోయిందా, నీకు అక్షరాలు అయిపోయాయా?"

పదమూడేళ్ల కిందట ఇదే పేరు నల్ల సిలువ కాగితం మీద రాయించాను. అప్పటికి తోదేర్ బతికే ఉన్నాడు. బతికున్నవాడి పేరు పోయినవాళ్ల చీటీలో ఇస్తే వాడు ఆ ఏడాది దాటడని మా ఊరి ఆడవాళ్లు చెప్పుకుంటారు. చెప్పుకుని, వెంటనే గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంటారు. నాకు అప్పుడు రాయడం రాదు కానీ ఎరుపూ నలుపూ తెలుసు. ద్రాక్షతోట తవ్వేది నేను, ఆవు పాలు పితికేది నేను, బడి నేలలు తుడిచేది నేను, చర్చి రొట్టెలు కాల్చేది నేను. పండగనాడు ఫాదర్ "తోదేర్ ఇంటివాళ్లకి దేవుడి దీవెన" అనేవాడు, తోదేర్ మీసం తడుముకునేవాడు. సూపులో ఉప్పు తక్కువైతే గిన్నె గోడకి కొట్టి, "మగాడు ఇంటికి తల అని దేవుడే రాశాడే. కాళ్లు తలకి ఎదురు చెప్తాయా?" అనేవాడు. ఆ గోడ కడిగేది కూడా కాళ్లే. ఒక రోజు తలుపు సందులో నా వేళ్లు పెట్టి తలుపు మూశాడు. ఆ శనివారమే చర్చి గుమ్మంలో కొవ్వొత్తులమ్మే ముసలమ్మ దగ్గరికి వెళ్లి, నల్ల సిలువ కాగితం మీద ఒక్క పేరు రాసిపెట్టమన్నాను.

"ఎవరే ఈ తోదేర్?"

"మా మేనమామ."

"మీ అమ్మకి అన్నదమ్ములే లేరు కదే!"

"ఒకడుండేవాడు. పోయాడు."

ఆమె నా చేతి కట్టు వైపు చూసింది. కలం తీసి రాసిచ్చింది. ఆ చీటీ లోపల ఇచ్చేశాను.

పదకొండో రోజున అడవిలో నరుకుతున్న చెట్టు అడ్డం తిరిగి తోదేర్ మీద పడింది.

ఆ తర్వాత నాకు దేవుడు లేకుండా పోవాల్సి వచ్చింది. ఆయన ఉంటే నేను హంతకురాలిని. లేకపోతే చెట్టు పడింది, అంతే. చర్చికి వెళ్లడం మానలేదు, ఊరి నోటికి భయపడి. అందరితో పాటు మోకరించేదాన్ని, లోపల మాత్రం అదంతా మగవాళ్లు మగవాళ్ల కోసం అల్లిన కథ అనుకునేదాన్ని. బడిలో అగ్లాయ టీచర్ నాకు చదువు నేర్పినప్పుడు కూడా, బైబిలు పట్టుకున్నది దాన్ని తప్పుపట్టడానికే. తోదేర్ చెప్పిన 'తల' మాట వెతికాను. దొరికింది. దాని పక్కనే, సొంత ఒంటిని చూసుకున్నట్టు భార్యను ప్రేమించాలని మగవాళ్లకు చెప్పిన మాటా దొరికింది. ముప్పై ఏళ్లలో మా ఇంట్లో ఆ సగం ఎవరూ చదవలేదు. ఇంకొన్ని పేజీలు వెనక్కి వెళితే, రాళ్లతో కొట్టి చంపడానికి ఒకామెను ఈడ్చుకొచ్చారు. దేవుడి కొడుకని చెప్పే ఆయన వంగి నేలమీద వేలితో ఏదో రాశాడు, ఆమె మీద ఒక్క రాయి పడనివ్వలేదు. పొయ్యి బూడిదలో అక్షరాలు దిద్దుకుంటున్న నాకు ఆ మనిషి నచ్చాడు. నచ్చాడు కాబట్టే భయం వేసింది. ఆయన నిజమైతే నేను చేసిందీ నిజం. పుస్తకం మూసేశాను.

"సఫ్తా, గోధుమలు మాడుతున్నాయి."

గిన్నె దించాను. దించి, ఆమె ముందు నేలమీద కూర్చున్నాను.

"అత్తా, ఈ పేరు నేను ఒకసారి రాయించాను. ఆయన బతికుండగా. నల్లదాని మీద."

అత్తగారి చేతిలో జపమాల తాడు కదలడం ఆగింది. పొర కమ్మిన ఆ కళ్లు నా ముఖం ఎక్కడుందో వెతికాయి.

"నా కొడుకు చావాలని కోరుకున్నావా?"

"కోరుకున్నాను."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. ఆమె గోడ వైపు తిరిగి అంది, "ఈ గోడకి అవతలే పడుకునేదాన్ని. అన్నీ వినపడేవి. దుప్పటి ముసుగేసుకునేదాన్ని."

ఇద్దరం ఏడ్చాం, ఎవరి ఏడుపు వాళ్లం. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, గొంతు తగ్గించింది, గదిలో ఇంకెవరో ఉన్నట్టు.

"మీ మావ పేరు నేనూ ఇచ్చానే. ఒకసారి కాదు, మూడేళ్లు వరసగా. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు బతికాడు ముసలాడు, పళ్లు కూడా ఊడలేదు."

"అత్తా!"

"దేవుడు చీటీ చూసి మనుషుల్ని లాక్కుపోయేవాడైతే, ఈ ఊళ్లో ఒక్క మగాడైనా మిగిలేవాడా?"

నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఒక సంగతి తెలిసింది. పదమూడేళ్లు నేను లేడని కొట్టిపారేసింది నా చీటీకి కట్టుబడిన దేవుణ్ణి. నేలమీద రాసిన ఆయన్ని కాదు. చెట్టును నేను పడేయలేదు. కానీ కబురు తెచ్చినప్పుడు, ఏడుపు రాకముందు, ఒక్క ఊపిరి నాకు తేలిగ్గా ఆడింది. ఆ ఊపిరి నాదే. దాన్ని ఎవరికో ఒకరికి చెప్పుకోకుండా నేను బతకలేను. వినేవాడు ఉన్నాడన్న నమ్మకం అలా వచ్చింది నాకు, సిగ్గుతో, తల వంచుకుని.

తోదేర్ పేరు రాశాను. నెత్తికి రుమాలు కట్టుకున్నాను.

"ఇప్పుడెక్కడికే?"

"ఫాదర్ దగ్గరికి. పాపం ఒప్పుకోవడానికి."

"ఏం చెప్తావు?"

"ఆయన చావు కోరుకున్నానని చెప్తాను. క్షమించమని దేవుణ్ణి అడుగుతాను. తలుపు సందులో వేళ్ల సంగతీ చెప్తాను. దానికి మాత్రం క్షమాపణ అడగాల్సింది నేను కాదు."