పూర్తి చిరునామా

డెల్మర్ హచిన్స్ కారు తాళం తిప్పే ముందు గోధుమరంగు నోటుపుస్తకం తీస్తాడు. తేదీ, మీటరు అంకె, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎందుకు. ఆయనలా జీతం లేకుండా సేవాసంస్థ పని మీద సొంత కారు తిప్పినవాళ్ళు మైలుకి పద్నాలుగు సెంట్ల చొప్పున ఆదాయంలోంచి తగ్గించుకుని పన్ను కట్టుకోవచ్చు. అందుకు రాతలో రుజువుండాలి. నలభై ఏళ్ళు ఈ ఒహాయో ఊళ్ళో ఉత్తరాలు పంచిన మనిషి ఆయన. ఇంటి నంబరు లేని చిరునామా చూస్తే ఆ పూట ఆయనకి తిండి సయించదు. ఆ పుస్తకం చూసి ఊరంతా నవ్వుకునేవాళ్ళం. నవ్వుకోవాల్సిన సంగతి కాదది.

ఆ మంగళవారం ఆసుపత్రి గుమ్మంలో ఆయన కారెక్కింది కోరిన్. దవడ విరిగితే తీగతో బిగించారు. మెడ మీద నాలుగు వేళ్ళ గుర్తులు. భర్త రాండల్ ఆమె తలని వంటింటి గట్టుకేసి మూడుసార్లు బాదాడు. ఆసుపత్రి కాగితంలో మాత్రం మెట్ల మీంచి పడిందని ఉంది. భయంతో ఆమె చెప్పిందదే. ఆ అరుపులు విన్న ఇరుగుపొరుగు మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకని టీవీ సౌండు పెంచుకున్నారు. వాళ్ళలో నేనొకణ్ణి.

"ఏం రాస్తున్నారండీ?" బిగించిన పళ్ళ సందుల్లోంచి అడిగింది కోరిన్.

"పన్ను కోసమమ్మా. నిన్ను దింపితే పదకొండు మైళ్ళు. డాలరున్నర తగ్గించుకోవచ్చు."

"అయితే నా ఖరీదు డాలరున్నరన్నమాట." నవ్వబోయి దవడ పట్టుకుంది.

ఆయన దింపింది తన్నులు తప్పించుకొచ్చిన ఆడవాళ్ళు దాక్కునే ఇంటి దగ్గర. బోర్డు ఉండదు. దాన్ని నడిపే మేవిస్ డెల్మర్ పుస్తకంలోకి తొంగి చూసింది. 'కోరిన్ బాస్కిన్, ఆసుపత్రి నుంచి 418 టానజర్ వీధి, ఆశ్రయానికి, 11 మైళ్ళు.' ఆమె మొహం పాలిపోయింది.

"ఈ కాగితం చింపెయ్ డెల్మర్. సంస్థ పేరు, మా పోస్టుబాక్సు నంబరు రాసుకో. పన్నువాళ్ళు అడిగితే నేను ఉత్తరం ఇస్తాను."

"పోస్టుబాక్సుకి నడిపానా నేను? అబద్ధం రాయను మేవిస్. సగం చిరునామా చెల్లదు కూడా."

"మొండి మనిషివయ్యా నువ్వు," అని ఆమె వంటింట్లో పిల్లలు పిలిస్తే వెళ్ళిపోయింది. ఆయన కాగితం చింపలేదు.

కోరిన్‌ని ఎక్కించుకున్న నీలం కారుని రాండల్ ఆసుపత్రికి ఎదురుగా నిలబడి చూశాడు. వెంటపడి సిగ్నల్ దగ్గర పోగొట్టుకున్నాడు. రెండు రోజులు ఊరంతా వెతికి, గురువారం మిట్టమధ్యాహ్నం కిరాణా దుకాణం ముందు ఆ కారు కనబడితే, టైరు విప్పే ఇనుపకడ్డీతో అద్దం పగలగొట్టాడు.

డెల్మర్ పాల డబ్బా పట్టుకుని బయటికొచ్చి చూశాడు. సీటు నిండా గాజుముక్కలు. చిల్లర అక్కడే ఉంది. కొత్త చొక్కా అక్కడే ఉంది. పుస్తకం లేదు. ఆయన చేతిలో డబ్బా నేల మీద పడింది. పోలీసులకి ఫోను చేసి, గాజుముక్కల మీదే కూర్చుని కారు దౌడు తీయించాడు. ఆ రోజు మీటరు చూడలేదు.

వెళ్ళేసరికి తలుపు విరిగి ఉంది. గుమ్మంలో మేవిస్ పడి ఉంది, ఎడమ కన్ను ఉండాల్సిన చోట రక్తం. లోపల రాండల్ కోరిన్ జుట్టు చేతికి చుట్టుకుని ఒక్కో మెట్టూ కిందికి ఈడుస్తున్నాడు. ఆమె తల ప్రతి మెట్టుకీ కొట్టుకుంటోంది. ఈసారి నిజంగానే మెట్ల మీద.

డెల్మర్ అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో ముసలోడా. నా పెళ్ళాన్ని నేను తీసుకుపోతున్నా. దారి రాసిచ్చిందే నువ్వు కదరా."

ఇనుపకడ్డీ మొదటి దెబ్బకి డెల్మర్ మోచెయ్యి విరిగింది. రెండో దెబ్బకి భుజం ఎముక. డెల్మర్ కూలబడి వాడి కాలు వాటేసుకున్నాడు. వీపు మీద ఎన్ని పడ్డాయో లెక్కలేదు. పోలీసులొచ్చి విడదీసేదాకా ఆ కాలు వదల్లేదు.

కోరిన్ బతికింది. మేవిస్ కన్ను పోయింది. తెలిసిపోయిన ఇల్లు ఇక పనికిరాదు కాబట్టి ఐదుగురు ఆడవాళ్ళూ ఎనిమిదిమంది పిల్లలూ ఆ సాయంత్రమే మూటలు కట్టుకుని మరో ఊరికి పోయారు.

ఆసుపత్రిలో మంచం పక్కన మేవిస్ వచ్చి కూర్చుంటే డెల్మర్ మొహం తిప్పుకుని ఏడ్చాడు. "నేనేనమ్మా వాణ్ణి తెచ్చింది," అన్నాడు.

"నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచావు. పోస్టుబాక్సు ఎందుకు పెట్టారో నీకు నేను చెప్పాలా? ఉత్తరం చేరాలి, మనిషి దొరక్కూడదు. తగ్గింపు తీసుకో, నీ హక్కది. కానీ నీ రుజువు కోసం దాక్కున్నవాళ్ళ చోటు తాకట్టు పెట్టకు," అందామె. తర్వాత ఆయన కన్నీళ్ళు తనే తుడిచింది.

వసంతంలో రాండల్ మీద కేసు విచారణకి కోరిన్ కోర్టుకి మళ్ళీ డెల్మర్ కారులోనే వచ్చింది.

"ఈసారేం రాశారు?"

"తేదీ, మైళ్ళు, సంస్థ పేరు, పోస్టుబాక్సు. అంతేనమ్మా."

ఆ రోజు సాక్షి బోనులో నేను నిలబడ్డాను. మా గోడవతల కోరిన్ ఇంట్లోంచి ఏళ్ళ తరబడి విన్నదంతా చెప్పాను. ఆలస్యంగా చెప్పాను, సిగ్గుపడుతూ చెప్పాను. రాయకూడనిది డెల్మర్ రాశాడు, చెప్పాల్సింది మేం చెప్పలేదు. రెండూ కలిస్తేనే ఆ ఇనుపకడ్డీ ఆ ఇల్లు చేరింది. చదివేవారికి నా మనవి ఒక్కటే: దెబ్బలు తిన్న మనిషి చిరునామా దాచండి, కొట్టినవాడి పేరు మాత్రం దాచకండి.