రౌటర్ చెప్పిన విశేషం

"అమ్మాయీ, నిన్న ఇరవై నిమిషాలు చెప్పులే చూశావుగా! ఒక్క జతైనా నచ్చలేదా?" టీ కప్పు అందుకుంటూ అడిగారు మావయ్యగారు.

టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారాయన. ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే రౌటర్ ఆయన మంచం పక్కనే ఉంటుంది. ఎవరు ఏ సైటు చూశారో అది రాసిపెట్టే జాబితాని రోజూ పేపరు చదివినట్టు చదువుతారు. కొడుకు చూసేవి మాత్రం "వాడి ఆఫీసు గోల" అని దాటేస్తారు. కోడలిదీ ఆఫీసే, అదీ నెట్‌వర్కులకి కాపలా కాసే ఉద్యోగం. పెళ్ళయిన ఈ మూడు నెలల్లో ఆ సంగతి ఎవరి చెవికీ ఎక్కలేదు. "నాన్నకదో సరదా, వదిలెయ్," అని నవ్వుతాడు మొగుడు. నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది. ఆ సొట్ట చూసి ఆమె వదిలేసేది. ఎంత ముద్దొచ్చే సొట్టకైనా ఒక హద్దుంటుందిగా!

ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిచి, ఎక్కడో దూరాన తను అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ దాకా సొరంగం వేసింది. ఇక బ్రౌజర్ ఏ పేజీ తెరిచినా తాళం వేసిన ఆ దారిలోనే వెళ్ళి రావాలి. ఒక కమాండ్, బ్రౌజర్‌కి ఆ దారి చూపించే 'ప్రాక్సీ' దగ్గర నింపాల్సిన రెండు గడులు, అంతే. సొంత గదికి గడియ వేసుకున్నంత హాయిగా అనిపించి, కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. తర్వాత ఆసుపత్రి సైటు తెరిచింది. పిల్లలు ఒక ఏడాది ఆగాకే అని పెళ్ళయిన వారంలోనే, ఒకే ఐస్‌క్రీం కప్పులో రెండు చెంచాలు పెట్టుకుని, ఇద్దరూ అనుకున్నారు. దానికే డాక్టరుని కలవాలి.

మర్నాడు మావయ్యగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "ఆడవాళ్ళ ఆసుపత్రి చూశావు. విశేషమేనా అమ్మాయీ?"

"మా అక్కకి అప్పుడే ఫోన్ చేసేశాను," అంది అత్తయ్య, మెరిసిపోతూ.

ఆమెకి ఒళ్ళు మండింది, ముందు తన మీదే. పేజీలు సొరంగంలోనే వెళ్ళాయి. కానీ ఆ సైటు ఎక్కడుందో కనుక్కోవడానికి బ్రౌజర్ ఇంటి రౌటర్‌నే అడిగింది. పరదాలు దించిన కారెక్కి, ఆసుపత్రికి దారెటని మావయ్యగారినే అడిగినట్టు! ఆఫీసులో కొత్తవాళ్ళు ఈ తప్పు చేస్తే క్లాసు పీకేది తనే.

పక్కనే టీ తాగుతున్న మొగుడి వైపు చూసింది. 'ఇద్దరం అనుకున్నాం నాన్నా' అంటే చాలు. అతను కప్పులోకి చూస్తూ, "చూద్దాం నాన్నా, ఇంకా ఏం తెలీదు," అన్నాడు.

ఏం తెలీదట! తన చెప్పుల సైజుతో సహా అన్నీ తెలిసిన ఇంట్లో, తెలిసిన ఒక్క మాట చెప్పడానికి మాత్రం ఈయనగారికి ఏం తెలీదట.

"విశేషం ఏమీ లేదు మావయ్యగారూ," అంది. "అత్తయ్యా, మీ అక్కగారికి ఇంకోసారి ఫోన్ చెయ్యండి."

"మరి ఆసుపత్రెందుకు?"

"అది నా పని."

గదిలోకి వెళ్ళి, ఏ సైటు ఎక్కడుందో కనుక్కునే పని కూడా రౌటర్‌కి వదలకుండా ప్రాక్సీకే అప్పగించింది. ఒక్క టిక్కు. మొగుడు వెనకే వచ్చాడు.

"నాన్న చిన్నబుచ్చుకున్నారు. డాక్టరు సంగతి కొన్నాళ్ళు ఆగి చూద్దాంలే."

ఆమె ఆసుపత్రికి ఫోన్ కలిపింది. మంగళవారం పదకొండింటికి టైము దొరికింది.

"మీ వెంట ఎవరొస్తారండీ?" అవతలి అమ్మాయి అడిగింది.

గుమ్మంలో నిలబడ్డ మొగుడు తలెత్తాడు.

"నేనొక్కదాన్నే వస్తాను," అంది.