లాకులెన్ని?

నేను ఒక కంచు ఫ్యానుని. గాలి విసిరే ఫ్యాను అనుకుని పైకి చూడకండి, కిందికి చూడండి. లాంచీ వెనకాల, నీళ్ళ అడుగున, ఎవరి కంటా పడకుండా తిరిగే మూడు రెక్కల ఫ్యానుని. చదువుకున్నవాళ్ళు ప్రొపెల్లర్ అంటారట. మా కాలవ మీద నన్ను ఆ పేరుతో పిలిచిన మనిషి ఒక్కడూ లేడు. ఇప్పుడు నీళ్ళలో కూడా లేను లెండి. లాకు గట్టు మీద ఇనప కమ్మీకి గొలుసుతో వేలాడుతున్నాను. ఒక రెక్క అంచు విరిగింది. నాకు అక్షరం ముక్క రాదు గానీ, జరిగింది జరిగినట్టు గుర్తుంటుంది. కంచుకి మరపు రాదు. వస్తే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

నేను పుట్టింది కాకినాడలో, షరీఫ్ మేస్త్రి పోత కార్ఖానాలో. ఆ రోజు ఆయన దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకాయన రామభద్రం గారు, కాలవ మీద ప్రయాణికులనూ కొబ్బరికాయలనూ చేరవేసే ‘మాణిక్యాంబ’ లాంచీకి యజమాని. రెండో మనిషి ఆ లాంచీ నడిపే సరంగు, కొప్పాడి నూకరాజు. అప్పటికి ముప్పయ్యేళ్ళవాడు, గుబురు మీసం, చెవికి తమ్మెట్టు. కొత్త ఇంజను కొన్నారు, దానికి తగిన ఫ్యానూ గేరుబాక్సూ కావాలి.

మేస్త్రి ఇంజను సంగతి అడగలేదు. బీడీ ఆర్పి మూడు మాటలు అడిగాడు. “బరువెంత? నీళ్ళెంత? లాకులెన్ని?”

రామభద్రం గారు నవ్వారు. “ఫ్యాను పోయమంటే లాకుల లెక్కెందుకయ్యా నీకు?”

“పోవడానికి ఏ ఫ్యానైనా పోతుంది బాబూ. ఆగడానికే చూసి బిగించాలి.”

లాకు అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. కాలవలో ఎగువ నీళ్ళు ఎత్తులో ఉంటాయి, దిగువ నీళ్ళు పల్లంలో ఉంటాయి. పడవను మెల్లగా దించడానికి మధ్యలో అటూ ఇటూ తలుపులు పెట్టి రాతిగది కడతారు. అదే లాకు. తలుపు తెరిచేదాకా పడవ దాని ముందు ఆగాలి. ఎగువ నుంచి వచ్చే పడవనైతే నీరే వెనకనుంచి తలుపు మీదికి తోస్తూ ఉంటుంది.

“అయిదు లాకులండి,” అన్నాడు నూకరాజు.

మేస్త్రి తలూపి, ముళ్ళు వేసిన తాడుతో కొలతలు చూసుకుని, ఇసక అచ్చులో నన్ను పోశాడు. రెండడుగుల వెడల్పు. నాకు జోడుగా ఒక గేరుబాక్సుని కుదిర్చాడు. ఇంజను మూడు చుట్లు తిరిగితే నన్ను ఒక్క చుట్టు తిప్పే గేరుబాక్సు. ఇంజనుది కుర్రపరుగు. మా ఆయన (గేరుబాక్సుని నేను అలాగే అనేదాన్ని) ఆ పరుగును పట్టి, తగ్గించి, బలం చేసి నాకు అందించేవాడు. నేను తిరిగేది తక్కువ. తిరిగిన ప్రతిసారీ మాత్రం గంగాళమంత నీళ్ళు వెనక్కి నెట్టేదాన్ని. వెనక్కి తిప్పమంటే అంత నీళ్ళూ ముందుకి నెట్టి, నిండు లాంచీని ఉన్నచోట నిలబెట్టేదాన్ని. మా ఆయన కొంచెం నూనె ఎక్కువ తాగేవాడు, పొద్దస్తమానం గుర్రుమనేవాడు. ఆ మాత్రం ఎవరింట్లో ఉండదు?

పదిహేడేళ్ళు కాపరం చేశాం.

ఆ పదిహేడేళ్ళూ లాంచీ ముందు భాగంలో నిలబడినవాడు అప్పలస్వామి. నూకరాజు పెళ్ళాం బంగారమ్మకు తమ్ముడు. వాడి పని, లాకు దగ్గర పడగానే మోకు పట్టుకుని గట్టు మీదికి దూకి, అక్కడ పాతిన రాతికి మూడు చుట్లు చుట్టి బిగపట్టడం. నేను ముందే ఆపేసేదాన్ని గనక వాడికి పెద్ద శ్రమ ఉండేది కాదు. మోకు చుట్టడం పెళ్ళిలో తాంబూలం ఇచ్చినంత లాంఛనంగా జరిగిపోయేది.

“బావా, నీ లాంచీ ఆగేలోపు దిగి, బీడీ కాల్చుకుని, మళ్ళీ ఎక్కొచ్చు,” అని ఎగతాళి చేసేవాడు.

“కాల్చుకో రా. ఈలోపు మీ అక్క పంపిన పులుసులో నీ ముక్కలు నేనేరుకుంటాను,” అనేవాడు నూకరాజు.

అలా సాగిపోతుండగా కాలవగట్టు మీద తారు రోడ్డు పడింది. రోడ్డు మీదికి బస్సు వచ్చింది. మా పక్కనుంచే దుమ్ము రేపుకుంటూ పోయేది. దాని కండక్టరు రోజూ మెట్టు మీద నిలబడి, “ఏం సరంగూ, నీ జనాన్ని రేపటికైనా దింపుతావా?” అని అరిచేవాడు. బస్సులో జనం నవ్వేవారు. అంతకన్నా బాధేమిటంటే, లాంచీలో జనం కూడా నవ్వేవారు. చుక్కాని పట్టుకున్న నూకరాజు చేతులు బిగుసుకునేవి. ఆ బిగువు కమ్మీలగుండా నాదాకా వచ్చేది.

నా తప్పులు కూడా దాచను. కాలవ పూడిక తీయడం మానేశారు. నీళ్ళు తగ్గేసరికి నా రెక్కలు అడుగునున్న బురదను గీరేవి. ఒకసారి ఇటుక తగిలి ఒక రెక్క అంచు విరిగింది. గుర్రపుడెక్క వచ్చి మెడకు చుట్టుకునేది. అప్పలస్వామి మునిగి కత్తితో కోసేవాడు. పెద్దదాన్ని, లోతుకి వేలాడేదాన్ని. చిన్న ఫ్యాను అయితే ఈ బాధలుండవని నూకరాజు అన్నది నిజమే.

రామభద్రం గారు ముందు ఒప్పుకోలేదు. నూకరాజే పోరు పెట్టాడు. “బస్సుని దాటకపోతే మన రేవుకి మనిషి రాడండి. జోరు కావాలండి,” అన్నాడు. అప్పటికి షరీఫ్ మేస్త్రి పోయాడు. సముద్రం బోట్ల సామాను అమ్మే కొట్టుకి వెళ్ళారు. అక్కడివాడు ఇంజను బలమెంతో అడిగాడు, ఇంకేమీ అడగలేదు. వాడిని మాత్రం ఏమంటాం? వీళ్ళు జోరు కావాలన్నారు, వాడు జోరు ఇచ్చాడు. నాలో సగం లేని ఫ్యానూ, ఇంజను పరుగును ఇంచుమించు అలాగే వదిలేసే తేలిక గేరుబాక్సూ. తేలిక బోటుకి అవి బంగారం లాంటివే.

నన్ను ఊడదీశారు. మా ఆయన్ని పాత ఇనప సామాను వాడు గోనెలో వేసుకుపోయాడు. గోనెలోంచి ఒక బోల్టు రాలిపడితే ఎవరూ తీయలేదు.

నన్ను పారేయడానికి నూకరాజుకి మనసొప్పలేదు. లాంచీ ముందు భాగంలో, మోకు కదలకుండా బరువుగా పడేశాడు. నా మధ్యనున్న గుబ్బ మీద కాలు మోపితే గట్టుకి దూకడం వీలుగా ఉందన్నాడు అప్పలస్వామి. అలా నేను వాడికి మెట్టునయ్యాను.

వాడొక్కడే ఆ మాట అడిగాడు. “బావా, చిన్నది నాజూగ్గానే ఉంది గానీ, మేస్త్రి లాకులెన్ని అని అడిగాడన్నావే. ఈళ్ళు అడిగారా?”

“మేస్త్రీ పోయాడు, ఆయన లెక్కలూ పోయాయి. నువ్వు మోకు సంగతి చూసుకో, ఫ్యాను సంగతి నేను చూసుకుంటాను.”

మర్నాడు పరీక్ష చేశారు. పరీక్ష ఎలా చేశారో వినండి. ఖాళీ లాంచీని ఎగువకు నడిపారు. బస్సును దాటింది! గట్టు మీద జనం తువ్వాళ్ళు ఊపారు. కండక్టరు ముఖం లోపలికి లాక్కున్నాడు. నూకరాజు మీసం దువ్వుకుని, పై లాకు దగ్గర ఫ్యానుని వెనక్కి తిప్పమని ఇంజను డ్రైవరుకి చెప్పాడు. లాంచీ బుద్ధిగా ఆగింది. “చూశావా?” అన్నాడు బామ్మర్దితో. అందరూ చూశారు. అయితే దాన్ని ఆపింది ఆ చిన్న ఫ్యాను కాదు, ఎదురొచ్చే నీరు. ఖాళీ లాంచీని ఎదురునీరు ఆపింది. నిండు లాంచీ దిగువకు వచ్చేటప్పుడు ఏమవుతుందో ఒక్కరూ చూడలేదు. నేను అరవగలిగితే అరిచేదాన్ని. అప్పటికింకా నన్ను కొడితే మోగుతానని కూడా ఎవరికీ తెలియదు.

నాలుగో రోజు గురువారం, సంత. లాంచీ నిండా కొబ్బరికాయలు, పైన నలభైమంది జనం. దిగువకు వస్తున్నాం. లాకు తలుపులు మూసి ఉన్నాయి. వాటి ముందు ఒక చిన్న దోనె, అందులో పచ్చగడ్డి మోపుల మధ్య ముసలి మొగుడూ పెళ్ళాం తలుపు కోసం ఎదురుచూస్తూ కూచున్నారు. ఆవిడ అతనికి తమలపాకు చుట్టి ఇస్తోంది.

నూకరాజు అలవాటైన చోటే వెనక్కి తిప్పమన్నాడు. పదిహేడేళ్ళుగా నేను ఆపిన చోట. చిన్న ఫ్యాను గిరగిరా తిరిగింది. వెనకంతా తెల్లటి నురగ లేచింది. నురగ లేచింది గానీ నీళ్ళ పట్టు చిక్కలేదు. లాంచీ జోరు తగ్గలేదు.

“ఆగట్లేదు! ఒరే స్వామీ, ఆగట్లేదురా!” అని నూకరాజు కేక పెట్టాడు.

అప్పలస్వామి మడమ నా గుబ్బ మీద మోపాడు. గట్టిగా తొక్కి దూకాడు. ఆ తొక్కు నాకు ఇప్పటికీ ఉంది. గట్టు మీద పడి, లేచి, రాతికి మోకు చుట్టాడు. ఒకటి. రెండు. మూడు. వాడు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాడు. మోకు జారుతూ పొగ లేచింది. లాంచీలో ఆడవాళ్ళు, “వదిలెయ్యి నాయనా, వదిలెయ్యి,” అని అరిచారు. వదిలేస్తే దోనె తలుపుకీ లాంచీకీ మధ్య తమలపాకులా నలిగిపోతుంది. వాడు దోనె వంక చూశాడు. వదల్లేదు. కాళ్ళ దగ్గర పడి ఉన్న మోకు మిగులు లేచి, కాలికి మెలిపడి, వాణ్ణి రాతికేసి లాగేసింది.

మోకు బిగిసింది. దోనెకు మూరెడు దూరంలో లాంచీ ఆగింది.

ఆసుపత్రికి తీసుకువెళ్ళింది ఆ బస్సులోనే. సందేళకు ముందే పోయాడు.

విచారణకు ఆఫీసరు వస్తాడన్న రోజు పొద్దున్న రామభద్రం గారు నూకరాజును పక్కకు పిలిచారు. నా పక్కనే నిలబడ్డారు. “గేరు మార్చిన సంగతి బయటపడితే లాంచీ ఆపేస్తారు. నువ్వూ, ఇంజను డ్రైవరూ, కళాసీలూ అంతా రోడ్డున పడతారు. పోయినవాడు ఎలాగూ పోయాడు కదరా.” ఆయన చెడ్డవాడు కాదు. కాగితం మీద ‘మోకు సరిగా చుట్టనందువల్ల’ అని రాశారు. నూకరాజు వేలిముద్ర వేశాడు. వేసి, ఆ సిరా బొటనవేలిని నా రెక్కకేసి రుద్దుకున్నాడు. సిరా నాకు అంటింది గానీ వాడి వేలి నుంచి పోలేదు.

ఊళ్ళో మాటలు దాగవు. పదో రోజున లాకు గట్టు మీదే పిండం పెట్టారు. పొద్దు వాలేదాకా కూచున్నా కాకి ముట్టలేదు. ఇంటికి పోతూ బంగారమ్మ మొగుణ్ణి ఒక్కటే అడిగింది. “మా తమ్ముడికి మోకు చుట్టడం రాదా?”

వాడు గట్టు దిగి ముందు నడిచాడు. ఆ తర్వాత ఆమె వాడితో ‘అన్నం’, ‘కూర’, ‘తలుపేసుకో’ తప్ప మాట్లాడలేదు.

అబద్ధమాడి కాపాడుకున్న లాంచీ ఎన్నాళ్ళు నడిచిందనుకున్నారు? రెండేళ్ళు. జనం బస్సెక్కారు. రామభద్రం గారు దాన్ని విప్పించి చెక్క అమ్మేశారు. నూకరాజు అదే లాకు దగ్గర తలుపులు తిప్పే పనికి కుదిరాడు. నన్ను గోనెలో మోసుకొచ్చి ఈ కమ్మీకి వేలాడదీశాడు. ఎగువ నుంచి పడవ కనబడితే చాలు, ఇనప చువ్వతో నన్ను మోగించేవాడు. తలుపు ముందున్నవాళ్ళు పక్కకి తప్పుకునేవారు. తర్వాత పడవలే రావడం మానేశాయి. ఒక ఆఫీసరు వచ్చి నా మీద తెల్లరంగుతో నంబరు వేయించి, సర్కారు సామానుగా రాసుకుని వెళ్ళాడు. ఏళ్ళతరబడి లాంచీని ఆపినప్పుడు ఎవరూ రాసుకోలేదు. ఊరికే వేలాడుతున్నప్పుడు రాసుకున్నారు.

ఈమధ్య ఇద్దరు పట్నం పిల్లలు వచ్చారు. కాలవ మీద షికారు పడవ పెడతారట. నూకరాజుకి ఇప్పుడు మీసం తెల్లబడింది, తల కొంచెం వణుకుతుంది.

“తాతా, ఈ కాలవకి ఏ ఫ్యాను, ఏ గేరుబాక్సు బాగుంటుంది? ఎంత స్పీడొస్తుంది?”

“లాకులెన్ని?” అన్నాడు నూకరాజు.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. “లాకులతో పనేంటి తాతా? ఇంజను మంచిదే.”

నూకరాజు చువ్వతో నన్ను చిన్నగా తట్టాడు. “ఇంత ఫ్యాను పెట్టుకోండి. ఇంజను మూడు తిరిగితే ఇది ఒకటి తిరగాలి. నిండా బరువేసి, దిగువకు నడిపి, ఆగుద్దో లేదో చూడండి. నేను చూడలేదు. చూడకపోవడం వల్ల మా బామ్మర్ది ఈ రాయి దగ్గరే పోయాడు. ఆడు మోకు సరిగ్గానే చుట్టాడు బాబూ. నా ఫ్యానే ఆపలేదు.”

పిల్లలకు అంతా అర్థం కాలేదు. నన్ను ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. వెనకాల బంగారమ్మ, అన్నం క్యారేజీ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో నాకు తెలుసు. మొదటి మాట నుంచి.

“ఎన్ని చుట్లు?” అంది.

“మూడు.”

“నిలిచాయా?”

“నిలిచాయి. ఒక్కటీ జారలేదు.”

ఆమె క్యారేజీ కింద పెట్టింది. “ఈ మాట ఆనాడు చెప్పుంటే, పిండం పెట్టేటప్పుడు ఆడికి చెప్పుకునేదాన్ని,” అంది. ఏడవలేదు. వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆమె విస్తరాకులో ముద్ద తెచ్చి, నా కింద రాతి మీద పెట్టింది. మోకు ఒరిపిళ్ళు పడిన రాయే. “తమ్ముడూ, మూడు చుట్లూ నిలిచాయంట,” అని గాలిలోకి చెప్పి కూచుంది. పైన తీగ మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది, నా నీడ పొట్టిగా అయింది, మళ్ళీ పొడుగైంది.

నూకరాజు చాలాసేపు తలుపు చక్రం దగ్గరే నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చి, ఆమెకు బారెడు దూరంలో కూచున్నాడు.

పొమ్మని ఆమె అనలేదు.