పలకని మెట్లు

బెఖ్తా పాత కీబోర్డు పెళ్ళిలోనే ప్రాణం విడిచింది. పెళ్ళికూతురు అయిదోసారి బట్టలు మార్చుకుని హాల్లోకి అడుగుపెడుతుండగా దాని తెర మిణుకుమని ఆరిపోయింది. డప్పుల ఆడవాళ్ళిద్దరూ ఎలాగో పాట లాక్కొచ్చి పరువు నిలబెట్టారు. మూడోరోజు ఉదయం చెల్లెలి కూతురు సెత్తీని వెంటబెట్టుకుని, కొత్తది కొనడానికి బయలుదేరింది బెఖ్తా.

అల్జీరియాలోని ఒరాన్‌లో ఆడవాళ్ళ పెళ్ళి పందిళ్ళన్నిటికీ ఆ మేళం తెలుసు. బెఖ్తా వాయిస్తుంది, సెత్తీ పాడుతుంది. బెఖ్తాకి యాభై రెండేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు స్పీకర్ల పక్కనే గడిచిపోయాయి.

దారి పొడుగునా ఇద్దరికీ వాదనే.

"మనకు అరవై ఒక్క మెట్లున్న కీబోర్డు చాలు పెద్దమ్మా. తేలిగ్గా ఉంటుంది. పావు స్వరాలకు మీటలుంటాయి, తాళాలన్నీ అందులోనే ఉంటాయి. నువ్వడిగే బరువు మెట్ల పియానో నాలుగంతస్తులు ఎవరు మోస్తారు? నీ మొగుడా?"

"ఆయనే బతికుంటే ఆయన నెత్తినే పెట్టేదాన్ని," అంది బెఖ్తా. "ఆ తేలిక మెట్లు నొక్కితే వేలికింద ఏమీ ఉండదే. పిండిలో వేలు పెట్టినట్టుంటుంది. బరువు మెట్టు అలా కాదు. నువ్వు నొక్కితే అది తిరిగి నీ వేలిని నొక్కుతుంది."

ఆ రుచి ఆమెకు చిన్నప్పుడే తగిలింది. తల్లి ఓ పాత భవనంలో మేడమెట్లు కడిగేది. దేశం వదిలిపోయిన ఫ్రెంచివాళ్ళ పియానో ఒకటి మూడో అంతస్తులో దిక్కులేకుండా పడి ఉండేది. తల్లి కడిగినంతసేపూ బెఖ్తా దాన్ని వాయిస్తూ కూర్చునేది. కుడి కొసన చిట్టచివరి మెట్టంటే ఆమెకు మరీ ఇష్టం. చెంచాతో గాజు గ్లాసును తట్టినట్టు మోగేది.

కొట్టు యజమాని జెల్లూల్ ఒకప్పుడు అకార్డియన్ వాయించినవాడు. బెఖ్తాని చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. బరువు మెట్ల పియానో మీది గుడ్డ తీసి, తీగ తగిలించాడు.

బెఖ్తా ఎడమచేత్తో కింది స్వరాలు పట్టింది. కళ్ళు మూతలు పడ్డాయి. "చూశావటే, చూశావూ?" అంది సెత్తీతో. కుడిచెయ్యి మెల్లగా పైకి పాకింది. పాత కీబోర్డు ఎక్కడ ఆగిపోయేదో అక్కడ దాటి, ఇంకా పైకి వెళ్ళింది. అక్కడ టక్ టక్‌మని చెక్క చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఏమయ్యా జెల్లూల్, దీని పైమెట్లు చచ్చాయి."

జెల్లూల్ నవ్వాడు. "నీ బేరం నాకు తెలీదా అక్కా? శనగపిండి కరంతిక అమ్మే బండి దగ్గర కూడా ఉప్పు తక్కువైందనేగా మొదలుపెడతావు!"

సెత్తీ కూడా అలాగే అనుకుంది. పెద్దమ్మ చెప్పుల జత కొన్నా ముందు నాలుగు వంకలు పెట్టందే మాట కదపదు. జెల్లూల్ సరదాకి రెండోది తెరిచాడు. అదీ అంతే. మూడోది. అదీ టక్ టక్.

"మూడూ బోసినోటివే! పొద్దున్నే నేనే దొరికానా నీకు?" అంది బెఖ్తా.

"ఇక చాల్లే పెద్దమ్మా," అంది సెత్తీ నవ్వాపుకుంటూ. "శుభ్రంగా మోగుతుంటే."

"ఎక్కడ మోగుతోందే?"

ఆ గొంతులో వేళాకోళం లేదు. సెత్తీ నవ్వు సగంలో నిలిచిపోయింది.

బెఖ్తా ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి, వీధి వైపు తిరిగి నిలబడింది. "నేను చూడను. ఆ చివరిది నొక్కు."

వీధిలో ఒక బస్సు వెళ్ళింది. ఎవడో కూరలవాడు అరిచాడు. అవన్నీ ఆమెకు వినబడ్డాయి.

"నొక్కవయ్యా!"

"నొక్కాను అక్కా."

"ఏదీ, నొక్కు మరి!"

"నొక్కుతూనే ఉన్నాను," అన్నాడు జెల్లూల్.

బెఖ్తా వెనక్కి తిరిగింది. అతని వేలు ఇంకా లేస్తూ పడుతూనే ఉంది. ఆమె గబుక్కున కుడిచెవి మీద అరచేత్తో కొట్టుకుంది, తర్వాత ఎడమచెవి మీద. అక్కడున్న స్పీకరు మీదే చతికిలబడింది.

సెత్తీ ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చుని ఏడ్చింది. "మరీ ఇంతని నేననుకోలేదు పెద్దమ్మా."

"ఇంతని అంటే?" బెఖ్తా ఆమె గడ్డం పట్టి పైకెత్తింది. "ఎంతని అనుకున్నావు?"

కక్కలేక మింగలేక చివరికి చెప్పింది సెత్తీ. రెండేళ్ళుగా పెద్దమ్మ కీబోర్డు గొంతును కీచుగా పెంచేస్తోంది. ముందు వరసలో ఆడవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటున్నారు. రెండో పాటకల్లా సెత్తీ వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఆ మీట తగ్గించి వస్తోంది.

"డప్పులవాళ్ళకి తెలుసా?"

సెత్తీ తల దించి కళ్ళు తుడుచుకుంది.

"అందరికీ తెలుసు. నాకు తప్ప."

చెవి పోయిందన్న మాటకన్నా అది గట్టిగా తగిలింది. జెల్లూల్ తెచ్చిన కాఫీ చేతిలోనే చల్లారిపోయింది. ఉన్నట్టుండి బెఖ్తా అంది: "వానకోయిలలు వస్తున్నాయా?"

"ఏమిటీ?"

"మన డాబా మీదికే. రెండేళ్ళుగా రావడం లేదని పక్కింటావిడతో అన్నాను. నా ముఖం అదోలా చూసింది."

"రోజూ సాయంత్రం వస్తాయి పెద్దమ్మా. చెవులు గింగుర్లెత్తేలా అరుస్తాయి."

మర్నాడు చెవుల డాక్టరు ఆమెను గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్షించాడు. కాగితం మీద ఆమె వినికిడి గీత చాలా దూరం తిన్నగా వెళ్ళి, కొసన బావిలోకి దూకినట్టు దిగిపోయింది. పోయింది తిరిగి రాదన్నాడు. మిగిలింది దక్కాలంటే మోతలో కూర్చున్నప్పుడల్లా చెవుల్లో బిరడాలు పెట్టుకోవాలన్నాడు. మూడు రోజులు బెఖ్తాకి ఒకటే పని. గిన్నెలు, తలుపులు, పంపు, దేన్ని ముట్టుకున్నా ఆగి వింటూ ఉండేది, ఏది మిగిలిందో ఏది పోయిందో తేల్చుకుంటున్నట్టు.

నాలుగో రోజు కొట్టుకు వెళ్ళి, బరువు మెట్ల పియానో దగ్గర చాలాసేపు కూర్చుంది. కింది సగం మాత్రమే వాయించింది. తర్వాత తానే గుడ్డ కప్పి, సెత్తీ కోరిన సింథసైజరు దగ్గరికి నడిచింది. ఒక్కొక్క మెట్టే నొక్కుకుంటూ అరవై ఒకటీ విన్నది.

"ఇదే కట్టు జెల్లూల్. ఇందులో అన్నీ నాకు పలుకుతున్నాయి." సెత్తీ వైపు తిరిగి, "గొంతు ఎంత పెంచాలో ఇకనుంచి నువ్వే చెప్పు. నా ముఖంమీదే చెప్పు. మళ్ళీ దొంగచాటుగా మీట ముట్టుకున్నావో, వేళ్ళు విరుస్తా," అంది.

శుక్రవారం పెళ్ళికి చెవుల్లో బిరడాలతో కూర్చుంది. పెళ్ళికూతురు రాగానే ఆడవాళ్ళంతా నాలుకలు ఆడిస్తూ లూలూలు పెట్టారు. బెఖ్తాకి నోళ్ళు కనబడ్డాయి. చప్పుడు మాత్రం ఎక్కడో పక్కవీధి పెళ్ళిలోంచి వస్తున్నట్టుంది. ఆమె చేతులు మెట్లమీదే బిగుసుకుపోయాయి.

డప్పు కొట్టే ఖదూజా మోచేత్తో పొడిచింది. "ఏమే, పెళ్ళికూతురివి నువ్వా, అదా? చెయ్యి కదుపు!"

బెఖ్తా ఉలిక్కిపడి, సెత్తీ ముఖం వైపు చూసి, మొదటి స్వరం నొక్కింది.