బొట్టు పెట్టి పిలిచిన నీడ

రాజమండ్రిలోని ఆ ఆసుపత్రిలో వీరవేణి ఉద్యోగం చెప్పుకోవడానికి చిన్నదే. కిడ్నీ ఇస్తామని వచ్చినవాళ్ళకి పరీక్షలన్నీ దగ్గరుండి చేయించాలి. మధ్యమధ్య కూర్చోబెట్టి కబుర్లు చెప్పాలి. ఆ కబుర్లలోనే వాళ్ళ మనసులో ఏముందో కనుక్కోవాలి. పుచ్చుకునేవాళ్ళ వెనకాల చుట్టాలంతా ఉంటారు. ఇచ్చేవాళ్ళ పక్షాన ఒకరైనా ఉండాలని ఆవిణ్ణి పెట్టారు. పొద్దున్నే టిఫిన్ డబ్బా బల్లసొరుగులో పడేసి, "ఇవాళ మనవాళ్ళెవరండీ?" అంటూ వార్డులోకి వెళ్ళేది.

విదేశాల నుంచి వచ్చేవాళ్ళతోనే కొంచెం ఆలస్యం. మనిషి విమానంలో దిగిపోవచ్చు గాని, నీడ అంత తొందరగా రాలేదు కదా. వెనకాల ఏ ఓడలోనో తీరిగ్గా వస్తుంది. అది వచ్చి కాళ్ళకి అంటుకున్నాకే ఒప్పుకోలు సంతకం తీసుకోవడం ఆసుపత్రి పద్ధతి. సగం మనిషి సంతకం దేనికి పనికొస్తుందనేవారు పెద్ద డాక్టరు ఉదయ్‌భాస్కర్ గారు. దుబాయి నీడలు చప్పున వచ్చేసేవి. లండన్ నీడలు జలుబుతో దిగేవి.

శ్రీదివ్య మలేషియాలోని పెనాంగ్ నుంచి, అన్నకి కిడ్నీ ఇవ్వడానికి వచ్చింది. అక్కడ స్కూల్లో లెక్కల టీచరు, భర్త ఓడ మీద ఇంజనీరు. అన్న సత్యప్రసాద్‌కి తునిలో ఇత్తడి సామాన్ల కొట్టుంది. అతనికి డయాలసిస్‌కి సూది గుచ్చే నరం మొరాయిస్తోంది, ఇంక ఆగడానికి లేదని డాక్టరు గారన్నారు. శ్రీదివ్య రక్తం అతనితో కలిసింది, స్కాన్ బాగుంది. వీరవేణి ఆ అమ్మాయిని గదిలో కూర్చోబెట్టి తలుపేసింది.

"చూడండమ్మా, ఇక్కడి మాట ఈ గది దాటదు. ఇష్టం లేకపోతే చెప్పండి. రిపోర్టులు కుదరలేదని మీవాళ్ళకి నేను చెప్పుకుంటాను."

"ఇష్టమేనండి. మా అన్నయ్యకి కాకపోతే ఇంకెవరికిస్తాను?" అని నవ్వింది శ్రీదివ్య.

నవ్వు నిజంగానే ఉంది. కాళ్ళ దగ్గర గచ్చు మీద మాత్రం నీడ లేదు.

ఓడ కాకినాడ చేరింది. నీడ దిగింది గాని రాజమండ్రి రాలేదు. నేరుగా తుని పోయి, మూసి ఉన్న సత్యప్రసాద్ కొట్టు మెట్ల మీద కూర్చుంది. పక్క కొట్టు బుల్లియ్య ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "సత్యప్రసాద్ గారి చెల్లెలి నీడండి. పైన ఇంట్లోకి వెళ్ళమంటే వెళ్ళట్లేదండి. మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు."

వీరవేణికి అనుమానం వచ్చింది. లోపల ఇష్టం లేని మనిషి మొహమాటానికి ఊఁ అంటోందేమో. అదే నిజమైతే ఆపరేషన్ లేనట్టే, సత్యప్రసాద్‌కి ఇంకో దారీ లేదు. ఎందుకైనా మంచిదని అతని భార్య మీనాకుమారిని పక్కకి పిలిచింది.

"మీ ఆడపడుచుని ఎలా పిలిచారండి?"

"ఫోన్లోనండి. ఆపరేషన్‌కి బొట్టు పెట్టి పిలుస్తారా ఎవరైనా?"

"కొట్టు మీద కొత్తగా ఇల్లు కట్టుకున్నారట. ఆ గృహప్రవేశానికో?"

మీనాకుమారి కొంగు సర్దుకుంది. "తునిలో తెలిసిన గడపలన్నీ ఎక్కి బొట్టు పెట్టామండి. దివ్యకి వాట్సాప్‌లో కార్డు పంపాను. బొట్టు పెట్టడానికి పెనాంగ్ ఎలా వెళ్తామండీ?"

"ఫోనైనా చేశారా?"

"కార్డు పంపానుగా. దణ్ణం బొమ్మ పెట్టింది." అంతవరకూ ధీమాగానే చెప్పి, ఉన్నట్టుండి కుంకుమభరిణె ఉందా అని బ్యాగు వెతుక్కుంది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కారులో తుని వెళ్ళారు. నీడ మోకాళ్ళు ముడుచుకుని మెట్టు మీద అలాగే ఉంది. మీనాకుమారి దాని ఎదురుగా చతికిలబడింది.

"దివ్యా, ఆడపడుచువి నువ్వు పొంగించాల్సిన పాలు మా చెల్లెలి చేత పొంగించాను. నువ్వు రాకపోవడమే హాయిగా ఉందనుకున్నాను. నా తప్పే." భరిణె మూత తీసింది. "ఇప్పుడు కిడ్నీకి పిలవడానికి రాలేదమ్మా. అది ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే. ఇంటికి రా."

ఇవ్వకపోయినా సరే అన్న ఆ మాట ఏ కుటుంబం నోటైనా వినాలని వీరవేణి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చూస్తోంది.

మీనాకుమారి మెట్టు మీద, నీడ నుదురుండే చోట, కుంకుమ అద్దింది. నీడ లేచింది. మేడెక్కింది. పొయ్యి మీద పాలు పొంగేదాకా వంగి చూస్తూ నిలబడింది. తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లో మీనాకుమారి పక్కనే కూర్చుంది.

మర్నాడు వీరవేణి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

"ఇష్టమేనండి," అంది శ్రీదివ్య. కాళ్ళ దగ్గర నుదుటి బొట్టుతో నీడ కదిలింది. "కానీ భయం కూడా ఉందండి. తర్వాత పెనాంగ్ ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉండాలి. మొన్న చెప్పబుద్ధి కాలేదు."

"భయం ఉంటే ఇష్టం లేనట్టు కాదమ్మా," అని వీరవేణి డాక్టరు గారితో మాట్లాడింది. పూర్తిగా కోలుకునేదాకా తునిలోనే ఉండేలా, స్కూలుకి సెలవు ఉత్తరం కూడా తనే రాయించింది. అప్పుడు తీసుకున్నారు సంతకం.

ఆపరేషన్ చల్లగా జరిగిపోయింది. తునిలో మీనాకుమారి చేసే సేవ శ్రీదివ్యకి ఊపిరాడనిచ్చేది కాదు. బరువులెత్తొద్దన్నారని చేతిలో గ్లాసు కూడా లాక్కునేది. "గ్లాసు బరువు కాదని మా వదినకి మీరైనా చెప్పండి," అని శ్రీదివ్య ఫోన్లో మొరపెట్టుకుంటే వీరవేణి పడీపడీ నవ్వేది.

శ్రీదివ్య ప్రయాణం దగ్గరపడ్డాక ముగ్గురూ చెకప్‌కి వచ్చారు. రిపోర్టులు చూసి ఉదయ్‌భాస్కర్ గారు కళ్ళజోడు తీశారు. "మీ కిడ్నీ పుట్టింటికొచ్చినట్టు కూర్చుందండి," అన్నారు సత్యప్రసాద్‌తో. అతను సంబరంగా లేచి నిలబడ్డాడు. కిటికీ ఎండకి గోడ మీద అతని నీడ పడింది. ఆ నీడకి పొత్తికడుపు దగ్గర, కుడి పక్కన, కొత్త కిడ్నీ పెట్టిన చోట, చిన్న కుంకుమబొట్టు ఉంది.

మీనాకుమారి దాన్ని చూసింది. బ్యాగులోంచి భరిణె తీసి శ్రీదివ్య నుదుట బొట్టు పెట్టింది.

"వచ్చే ఏడాది నీ చెకప్‌కి ఇక్కడికే రావాలి దివ్యా. ఇప్పుడే పిలుస్తున్నాను."

శ్రీదివ్య నోరు తెరిచేలోపే గోడ మీద ఆమె నీడ తలూపింది.